ఈ కేసుతో నా సంబంధం

శామీర్‌పేట,
8-2-1998

చెల్లె రాధకు,

నీ కార్డు మొన్న అందింది. మీ వదిన సుక్కమ్మ మోకాళ్ల నొప్పి కొంచెం నయం. ఆమె చేత తిట్లు తినే నా జబ్బు మాత్రం అలాగే ఉంది. రిటైరై నాలుగేళ్లయినా పొద్దున ఎనిమిది కాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూచుంటానని ఆమె గొడవ. "బడి గంట ఇగ నీకోసం గొట్టరయ్యా" అంటుంది. కొట్టరని నాకూ తెలుసు. అయినా ఆ వేళకు ఇంట్లో కాలు నిలవదు.

అసలు సంగతి ఇది. మన ఊరి అంగన్‌వాడీకి టీచర్ పోస్టు పడింది. ఊళ్లో ఉండే ఆడమనిషై ఉండాలి, పెళ్లయి ఉండాలి, పది పాసై ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు అని నోటీసు అంటించారు. చెరువులో చేపలు పట్టే గండయ్య బిడ్డ దీప దరఖాస్తు పెట్టింది. నా దగ్గర చదువుకున్న పిల్ల. పది ఫస్ట్ క్లాసులో పాసైంది. తూంకుంట వెంచర్లలో మేస్త్రీ పని చేసే ఇస్తారిని ఇల్లరికం తెచ్చుకున్నారు. దీపకు ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఈసారి తప్పితే ఆ పిల్లకు మళ్లీ దరఖాస్తు పెట్టే వయసుండదు.

పోస్టు ఎవరికొచ్చిందో తెలుసా? మన సర్పంచ్ గౌరయ్య మేనకోడలు ప్రణీతకు. ఆమె కాపురం మన ఊళ్లో కాదు, మచ్చ బొల్లారంలో. ఊళ్లోనే ఉంటుందని ఒక సర్టిఫికెట్ మాత్రం ఎక్కడి నుంచో పుట్టింది. చేరి నెలైంది. మూడుసార్లు బస్సు దిగి తలుపు తీసి, పిల్లలకింత ఉప్మా పెట్టించి, తాళమేసి వెళ్లిపోయింది.

నిన్న దీప సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. "సార్, మార్కులు నాకే ఎక్కువున్నయంట. మరి నన్నెందుకు తీస్కోలే? ఎవలనడగాలె?" అంది. బడిలో లెక్క తప్పయితే ఎందుకు తప్పో చెప్పేదాకా కదలని పిల్ల, ఇప్పుడూ అలాగే నిలబడింది. "నువ్వు ఇంట్ల నిమ్మలంగ ఉండు బిడ్డా, నేనున్న గద" అన్నాను.

హైకోర్టుకే పోదామనుకుంటున్నాను. నువ్వు ఇన్నేళ్లుగా కోర్టు కాగితాలు టైపు కొడుతున్నావు. పద్ధతేమిటో కొంచెం వివరంగా రాయి.

అన్న,
సిద్దిరాములు

*

నిజామాబాద్,
19-2-1998

అన్నకు,

ఇస్త్రీ చొక్కాకు పని దొరికిందన్నమాట. వదినకు కాస్త ఊపిరాడుతుంది.

నాకు తెలిసినంత చెబుతాను. నేను టైపిస్టును, వకీలును కాదు. కోర్టు మెట్లెక్కిన మనిషిని జడ్జిగారు ముందుగా అడిగేది, నువ్వెవరు, ఇందులో నీకేం నష్టం జరిగింది అని. తప్పెవరిది అనేది ఆ తర్వాతే. మా నకళ్ల సెక్షన్‌కు ఒక తీర్పు నకలు కావాలని వచ్చినా సరే, దరఖాస్తులో ‘కేసుతో సంబంధం’ అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే నేనే తిప్పి పంపిస్తాను.

చట్టం కింద ఏర్పడ్డ పెద్ద పదవిలో అర్హత లేని మనిషి కూచుంటే, నువ్వు ఏ అధికారంతో కూచున్నావని కోర్టు చేత అడిగించడానికి ఊళ్లో ఎవరైనా పోవచ్చు. అంగన్‌వాడీ అలాంటి పదవి కాదని మా దగ్గరి వకీళ్లు అంటున్నారు. ఇలాంటి ఉద్యోగాలకు, పోటీపడి పోగొట్టుకున్న మనిషే రావాలి. అంటే దీపే రావాలి. నువ్వు దరఖాస్తు పెట్టలేదు. పెట్టినా మీసాలు చూసి పక్కన పడేసేవాళ్లు. ఈ కేసులో నీకు సంబంధం లేదన్నా. ఆ పిల్ల చేత వకాలత్‌నామా మీద సంతకం పెట్టించు, వకీలు చేతికివ్వు, నువ్వు వెనకాల ఉండు. ఆలస్యం మాత్రం చేయకండి.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ పోస్టు గౌరయ్య మేనకోడలికి కాక ఇంకెవరికైనా వచ్చి ఉంటే నువ్వు ఇంతగా కదిలేవాడివా? తొంభై అయిదు సర్పంచ్ ఎన్నికల్లో ఆయన చేతిలో నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయిన దగ్గర నుంచి, నీ ప్రతి ఉత్తరంలోనూ ఆయన పేరు ఏదో ఒక మూల కనబడుతూనే ఉంది.

ఈయన బాగున్నారు. నువ్వు అడగవు, అయినా నేను రాస్తుంటాను.

రాధ

*

శామీర్‌పేట,
30-4-1998

రాధకు,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు కూడా మీ వదిన పోరు పడలేక రాస్తున్నాను.

‘నీకు సంబంధం లేదు’ అని రాశావు. ఆ మాట నువ్వు ఎక్కడి నుంచి తెచ్చి రాశావో నాకు తెలుసు. డెబ్బై నాలుగులో, మన కులం కాని మనిషిని నీ ఇష్టంతో చేసుకుని నిజామాబాద్ బండి ఎక్కి పోతుంటే, మేడ్చల్ స్టేషన్‌లో నేను నీతో అన్న మాట అది. అమ్మ పోయిన తర్వాత మళ్లీ ఉత్తరాలు మొదలయ్యాయి కదా, నువ్వు దాన్ని మరిచిపోయావనుకున్నాను. ఇరవై నాలుగేళ్లు దాచిపెట్టుకుని, నేను ఒక మంచి పనికి సలహా అడిగినప్పుడు తీసి నా ముఖాన కొట్టావు. కొట్టే హక్కు నీకుంది. కానీ ఆ పిల్ల విషయం మధ్యలో పెట్టి కొట్టి ఉండాల్సింది కాదు.

ఇక కేసు సంగతి. దీపను అడిగాను. భయపడింది. "వద్దు సార్, రేపు గౌరయ్య పటేలు మా నాయినను చెరువుల దిగనియ్యడు, మేమెట్ల బతకాలె" అని కండ్లనీళ్లు పెట్టుకుంది. ఏం చేయమంటావు? నా పేరు మీదే వేశాను. ప్రజల కోసం ఎవరైనా వేయవచ్చని పేపర్లలో రోజూ చూస్తున్నదే కదా.

జిల్లా పేజీలో నా ఫోటో వేశారు. ‘విశ్రాంత హెడ్మాస్టరు న్యాయపోరాటం’ అని పైన పెద్ద అక్షరాలు. కత్తిరించి ఇందులో పెడుతున్నాను. ఫోటోలో చొక్కా ఇస్త్రీ కనిపించడం లేదని మీ వదిన అంటోంది.

సిద్దిరాములు

*

నిజామాబాద్,
14-3-1999

అన్నకు,

పది నెలలు నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇద్దరికీ బుద్ధి లేదు. మన కేసు కొట్టేశారని హైకోర్టులో పనిచేసే నా స్నేహితురాలు చెబితే తెలిసింది. తీర్పు నకలు ఆమే పంపింది. నాలుగు పేజీల్లో జడ్జిగారు మూడుసార్లు అదే అడిగారు, ఈ నియామకంతో పిటిషనర్‌కు సంబంధం ఏమిటని. చదువుతుంటే ప్రతిసారీ నిన్ను నిలబెట్టి అడిగినట్టే అనిపించి నాకు తల తీసేసినట్టయింది.

నా మాటను నువ్వు అలా తీసుకుంటావని నేను కలలో కూడా అనుకోలేదు. రోజుకు ఇరవై దరఖాస్తుల మీద చూసే మాట అది, చేతికి వచ్చింది, రాసేశాను. మేడ్చల్ స్టేషన్ నాకు అప్పుడు గుర్తుకే రాలేదు. ఎప్పుడూ గుర్తుకు రాదని మాత్రం అనను.

ఆఖరి పేరా జాగ్రత్తగా చదువు. నష్టపోయిన అభ్యర్థి తనంత తానుగా వస్తే, ఆమె హక్కుకు ఈ తీర్పు అడ్డు కాదు అని రాశారు. అంటే తలుపు ఇంకా మూయలేదు. కానీ ఆ పిల్ల రావాలి కదా. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆపుకోలేక నిన్ననే ఆమెకు ఒక కార్డు రాసి పోస్టులో వేసేశాను. ‘అరవై దాటిన మనిషి నీ కోసం కోర్టు గడప తొక్కితే, నువ్వు ఒక్క సంతకానికి భయపడి ఏడుస్తూ కూచున్నావా? నా అన్న కోర్టులో తలదించుకున్నాడు, అది నీ పిరికితనం వల్ల. మరి ఆ ఫస్ట్ క్లాసు ఎందుకు?’ అని కడిగేశాను. ముఖం ఎరుగని పిల్లకు అలా రాయవచ్చా అని ఈయన అన్నారు. నా అన్న తలదించుకోవలసి వస్తే నేను ఊరుకోనని చెప్పాను.

నువ్వు మనసు పాడుచేసుకోకు. నీ పని నువ్వు మంచికే చేశావు.

నీ చెల్లె,
రాధ

*

శామీర్‌పేట,
2-4-1999

రాధా,

ఇది ఫోన్లో చెప్పగలిగింది కాదు. ఎస్టీడీ బూత్ దాకా రెండుసార్లు పోయి వెనక్కి వచ్చాను.

నీ కార్డు దీపకు అందింది. పొద్దున తొమ్మిదింటికి, నేను అరుగు మీద పేపర్ చదువుతుంటే, దీప, గండయ్య ఇద్దరూ వచ్చారు. గండయ్య చెరువు మీది నుంచి అలాగే వచ్చాడు, పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది. దీప నీ కార్డు తీసి నా ముందు నిలబడి చదివింది. బడిలో పాఠం చదివినట్టు, ఆగకుండా, మొదటి నుంచి చివరి దాకా. మీ వదిన లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నది.

చదవడం అయ్యాక "సార్, నేనెప్పుడు భయపడ్డ?" అని అడిగింది.

నేను చేతిలోని పేపర్ మడిచాను.

"సంతకం మీ ముందటనే వెట్టిన గద సార్. మా ఇంటి కడప మీద కూసోని వెట్టిన. మా అమ్మ మీకు చాయ్ వోసింది. చెరువు సంగతేందని మీరే అడిగిన్రు. చెరువు గౌరయ్యది గాదు, మా సంఘంది, ఎవ్వడు ఆపడని మా నాయిన అన్నడు. గా కాయిదం ఏడవాయె?"

"సూస్త బిడ్డా" అన్నాను.

"సూడుడు. మేం గూసుంటం" అని అరుగు కింద మెట్టు మీద కూచుంది.

రాధా, ఆ కాగితం ఎక్కడుందో నేను వెతకాల్సిన పని లేదు. నా డైరీ అట్టలోనే ఏడాదిగా ఉంది. లోపలికి పోయి తీశాను. మీ వదిన చేతికిచ్చి పంపించాను. తలుపు చాటున నిలబడ్డాను, పిల్లలు గోడచాటున దాక్కుంటే చెవి మెలిపెట్టి బయటికి లాగిన నేను. గండయ్య పోతూ పోతూ, నేను కనబడకపోయినా, తలుపు వైపు చూసి "దండం సార్" అన్నాడు, రోజూ అన్నట్టే.

జరిగింది జరిగినట్టు చెబుతాను. వకీలు నాకు రెండు వకాలత్‌నామాలు ఇచ్చాడు, ఒకటి దీపకు, ఒకటి అవసరమైతే నాకు. రెండూ సంతకాలయ్యి నా సంచిలో ఉన్నాయి. శామీర్‌పేటలో బస్సెక్కినప్పుడు నా మనసులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, ఇది నమ్ము. అల్వాల్ దాటుతుంటే, ఆ కాగితాల మీద పేర్లు చూసుకున్నాను. కేసు ఎవరి పేరు మీద నడిస్తే గౌరయ్య ఆ పేరు నోటితో పలకాలి, నోటీసు మీద ఆ పేరు చదవాలి. అది గండయ్య బిడ్డ పేరయితే నేనెక్కడున్నట్టు? పేపర్ విలేకరి కూడా ముందురోజే, మీరు వేస్తే పెద్ద వార్త సార్ అని చెప్పి ఉన్నాడు. వకీలు "ఏ పేరు మీద వెయ్యాలె సార్? పిల్ల వొస్తేనే గట్టిగుంటది" అన్నాడు. "ఆమె భయపడతాంది" అన్నాను. అంతకు ముందు ఆ మాట నా ఆలోచనలో కూడా లేదు. నోటికి అదే వచ్చింది. ఒకసారి అన్నాక ఇక నీకు రాసేటప్పుడు ఆమె మాటలు, ఆమె కన్నీళ్లు కూడా నేనే కల్పించాను. ఆ పిల్ల ఏడవలేదు రాధా. ఆ పిల్ల నా ముందు ఎప్పుడూ ఏడవలేదు.

పోయిన డిసెంబరుకు ఆమెకు ముప్పై అయిదు దాటాయి.

మీ వదిన నాలుగు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. అన్నం పెట్టి వెళ్లిపోతుంది. నువ్వు నన్ను ఎన్నికల సంగతి అడిగినప్పుడు నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నీకు కూడా అప్పుడే తెలిసి ఉంటుంది.

సిద్దిరాములు

*

నిజామాబాద్,
12-4-1999

అన్నకు,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. చదివి బాత్రూంకి పోయి ముఖం కడుక్కుని వచ్చాను. ఎండ ఎక్కువైందని పక్క సీటు ఆమెకు చెప్పాను.

నువ్వు చేసిందానికి నేను నిన్ను ఏమీ అనలేకపోతున్నాను, ఎందుకంటే ఆ పిల్లను తిట్టింది నేను. నువ్వు వకీలుతో చాటుగా అన్నావు. నేను కార్డు మీద రాశాను, పోస్ట్‌మ్యాన్ చదివి ఉంటాడు, వీధిలో వాళ్లూ చదివి ఉంటారు. పిరికిదానివి అని. నీ మాట తప్ప నాకు వేరే ఆధారం లేదు, ఇరవై ఏళ్లకు పైగా కోర్టులో పనిచేస్తున్నదాన్ని, అవతలి మనిషిని అడగాలని తోచలేదు. నా అన్న అబద్ధం చెప్పడు అనుకున్నాను. దీపకు క్షమించమని కవరు రాశాను. నాలుగు కాగితాలు చింపి ఐదోది పంపాను.

ఏడుపు తర్వాత ఏడుద్దాం. ముందు పని. దీప ఇప్పుడు తన పేరు మీద కేసు వేయాలి. నా స్నేహితురాలు ఒక వకీలు పేరు చెప్పింది, ఆడమనిషి, ఇలాంటివి చూస్తుంది. చిరునామా వదినకు వేరే కవర్లో పంపుతున్నాను, నీకు కాదు. వదిన తీసుకెళ్లి దీప చేతికిస్తుంది.

ఏడాది దాటాక వస్తే, ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావని కోర్టు ఆమెను అడుగుతుంది. సరైన కారణం చెప్పకపోతే గుమ్మంలోనే తిప్పి పంపుతారు. ఆ కారణం ప్రపంచంలో ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఆమె గడువులోపే సంతకం పెట్టిందని, ఆ కాగితం నువ్వు దాచావని, నువ్వు ప్రమాణం చేసి అఫిడవిట్ రాసివ్వాలి. అది అందరి ముందూ చదువుతారు. గౌరయ్య వకీలుకు ఒక ప్రతి ఇస్తారు.

అప్పుడు నేను నీకు సంబంధం లేదని రాశాను. ఇప్పుడు ఉంది.

రాధ

*

శామీర్‌పేట,
9-5-1999

రాధకు,

అఫిడవిట్ తెలుగులో రాసి పంపుతున్నాను, నువ్వు టైపు కొట్టు. ఏడుసార్లు రాశాను. పిల్లలకు సెలవుచిట్టీ రాయడం నేర్పినవాణ్ని, నాకే వాక్యం కుదరడం లేదు.

నీకు దాపరికం లేకుండా చెబుతాను, నాకు భయంగా ఉంది. గౌరయ్య దాన్ని జిరాక్సు తీయించి హోటల్లో, మంగలి షాపులో పంచుతాడు. పంద్రాగస్టుకు బడి జెండా ఎగరేయడానికి ఇప్పటికీ నన్నే పిలుస్తారు, ఇక పిలవరు. ఊళ్లో సగం మంది నా చేతి కింద చదివినవాళ్లు. వాళ్ల పిల్లల ముందు ఎట్లా నడవాలి? కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోయాను అంటే ఆమె కేసుకు చాలదా? ఆలస్యానికి అది కూడా కారణమే కదా. వయసు మీద పడింది, ఎవరైనా నమ్ముతారు.

మీ వదిన ఇది చదివింది. చదివి నా ముందు పెట్టి వెళ్లిపోయింది. ఇంకా మాట్లాడడం లేదు.

సిద్దిరాములు

*

నిజామాబాద్,
17-5-1999

అన్నకు,

టైపు కొట్టి పంపుతున్నాను. నువ్వు రాసిందాంట్లో ‘పొరపాటున’ అనే మాట మూడుచోట్ల ఉంది, మూడూ తీసేశాను. ‘మరచితిని’ ఒకచోట ఉంది, అదీ తీసేశాను. ‘ఆమె సంతకం చేసిన వకాలత్‌నామాను నేను తెలిసే దాచాను, ఆమె భయపడుతున్నదని అబద్ధం చెప్పాను, ఆమె తప్పు ఏమీ లేదు’ అని ఉంది ఇప్పుడు. దీప భయపడిందో, నువ్వు మరిచావో అని ఒక్క అనుమానం మిగిలినా అవతలి వకీలు దాన్ని పట్టుకుని లాగుతాడు.

మొదటి పేరాలో ‘ఈ కేసుతో నా సంబంధం’ అని శీర్షిక పెట్టి, కింద చోటు వదిలాను. అది నీ చేత్తో నువ్వే నింపు. నాకు ఏం రాయాలో తెలియలేదు.

నీ ఉత్తరాలన్నీ ఈయనకు చూపించాను, దాచే ఓపిక నాకు లేదు. మీ అన్న సంతకం పెడతాడంటావా అని అడిగాను. చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "వెడతడు" అన్నారు.

రాధ

*

శామీర్‌పేట,
24-9-2000

చెల్లె రాధకు,

దీప గెలిచింది. ముందు ఆ మాట రాయాలి, మిగతాది తర్వాత.

మొన్న గురువారం విచారణకు వచ్చింది. గౌరయ్య జీపులో ఊరివాళ్లను ఎక్కించుకుని వచ్చాడు, కేసు కోసం కాదు, నా కోసం. ప్రణీత తరపు వకీలు, ఏడాదికి పైగా ఆలస్యమైంది, కొట్టేయండి అన్నాడు. దీప వకీలమ్మ నా అఫిడవిట్ తీసి చదివింది. మొదటి పేరాలో నువ్వు వదిలిన చోట నేను, ‘ఈమెకు అన్యాయం చేసినవారిలో నేనొకణ్ని’ అని రాశాను. ఆ ముక్క చదివినప్పుడు వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

జడ్జిగారు "ఈయన వచ్చారా?" అని అడిగారు. నిలబడ్డాను. "తెలిసే దాచారా?" అన్నారు. "తెలిసే దాచాను" అన్నాను. వినబడలేదు, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ముప్పై ఆరేళ్లు పిల్లలను నిలబెట్టి మళ్లీ చెప్పు, గట్టిగా చెప్పు అన్నాను. అదెట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నన్ను కూచోమనలేదు, నేనూ కూచోలేదు.

ఆలస్యం ఆమె వల్ల జరిగింది కాదని ఒప్పుకున్నారు. ఊళ్లో లేని మనిషిని ఊరి మనిషని చూపించిన నియామకం చెల్లదన్నారు. దీప వయసు మొదటి నోటీసు నాటిదే లెక్కలోకి తీసుకుని ఆమెకు పోస్టు ఇవ్వమన్నారు.

బయట వరండాలో దీప, గండయ్య, ఇస్తారి నిలబడి ఉన్నారు. నేను కొంచెం దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను. దగ్గరికి పోయి ఒక మాట చెప్పాలని ఉన్నా పోలేదు. వకీలమ్మ జూనియర్ ఒకతను కాగితాలు సర్దుకుంటూ, నన్ను చూపించి, "ఆ పెద్దమనిషి మీకేమైతడమ్మా?" అని దీపను అడిగాడు. అఫిడవిట్ ఇచ్చిన మనిషి నేనని అతనికి తెలిసినట్టు లేదు.

దీప నా వైపు చూసింది. కోపమేమీ లేదు ముఖంలో. హాజరు పిలిస్తే పలికినట్టు, మామూలుగా చెప్పింది.

"ఏమి గాడు. ఏం సంబంధం లేదు."

ముగ్గురూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను శామీర్‌పేట బస్సు ఎక్కలేదు. ఆ బస్సులోనే వాళ్లుంటారు. ఏదో బస్సు కనబడితే ఎక్కాను, అది మేడ్చల్‌ది. పేట్ బషీరాబాద్ దాటాక ఎటు పోతున్నానో తెలిసింది. దిగి స్టేషన్‌కు పోయాను. ప్లాట్‌ఫారం మీద ఆ చివర వేపచెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది కదా, దాని మీద కూచున్నాను. అప్పుడు నువ్వు కిటికీ దగ్గర కూచున్నావు, బండి కదులుతోంది, నీ చేయి ఊచల బయటే ఉంది. నేను ఆ మాట అని ముఖం తిప్పుకున్నాను. నీ ముఖం ఎట్లా అయిందో నేను చూడలేదు. ఇరవై ఆరేళ్లలో నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. మొన్న దీప ఆ మాట అన్నప్పుడు నా ముఖం నాకు కనబడలేదు కానీ, స్తంభం పట్టుకున్నాను. నువ్వు ఏం పట్టుకున్నావో తెలియదు. నన్ను క్షమించు రాధా. దీపను అడగడానికి నాకు నోరు లేదు, ఆమె అన్నదాంట్లో తప్పూ లేదు. నిన్ను అడుగుతున్నాను.

పంద్రాగస్టుకు రెండేళ్లుగా నన్ను పిలవడం లేదు. మంగలి షాపులో నేను పోతే మాటలు ఆగిపోతాయి. దీప వచ్చే సోమవారం నుంచి కేంద్రం తెరుస్తుందట. మీ వదిన పోయి చూసి వస్తానంటోంది. నేను పోను. మీ వదిన ఇప్పుడు మాట్లాడుతోంది, చొక్కా ఇస్త్రీ మాత్రం నన్నే చేసుకోమంటోంది.

ఒకటి అడగాలి. నేను నిజామాబాద్ వస్తే, బావ నన్ను ఇంట్లోకి రమ్మంటాడా? కనుక్కుని ఒక కార్డు రాయి.

అన్న,
సిద్దిరాములు

*

నిజామాబాద్,
29-9-2000

అన్నకు,

ఆదివారం బండికి రా. ఈయన స్టేషన్‌కు వస్తారు. ఆయన నిన్ను చూసింది ఒక్కసారే, మేడ్చల్‌లో, అప్పుడు నువ్వు వీపు చూపించావు. గుర్తుపట్టడానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రా.

కిటికీ ఊచ పట్టుకున్నాను. కామారెడ్డి దాకా వదల్లేదు.

నేను దీపకు రాసిన కవరుకు ఇప్పటిదాకా జవాబు రాలేదు. వదిన కేంద్రానికి పోయినప్పుడు ఏమీ అడగవద్దని చెప్పు.

రాధ